వేడికి చావని మేలు బ్యాక్టీరియా: బిళ్లలో మేలెంత?

యాంటీబయాటిక్ రాస్తే పక్కనే ఒక ప్రోబయాటిక్ బిళ్ల. పిల్లాడికి మోషన్స్ అయితే ఒక చిన్న వయల్. ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు, ఎండకు పాడవదు అని మందుల షాపువాళ్లు చెబుతారు. ఆ మాటలో నిజముంది. అయితే వేడిని తట్టుకోవడం ఒకటి, జబ్బును తగ్గించడం మరొకటి. రెండింటికీ తేడా తెలిస్తే డబ్బు మిగులుతుంది. ఒక్కోసారి ప్రాణం కూడా దక్కుతుంది.

ఈసారి మందులు కొన్నప్పుడు బిల్లు ఒకసారి తీరిగ్గా చూడండి. జలుబుకో గొంతునొప్పికో యాంటీబయాటిక్ కొని ఉంటే దాని కింద 'లాక్టిక్ యాసిడ్ బాసిల్లస్' అనో, 'లాక్టోబాసిల్లస్ స్పోరోజీన్స్' అనో, 'బాసిల్లస్ కోయాగ్యులన్స్' అనో ఇంకో పేరు కనిపించే అవకాశం ఎక్కువ. కొన్ని యాంటీబయాటిక్ బిళ్లల్లో అది విడిగా కాకుండా లోపలే కలిసి ఉంటుంది. పేరు చివర 'ఎల్‌బీ' అన్న రెండక్షరాలు దాని గుర్తే. ఈ మూడు పేర్లూ సాధారణంగా ఒకే జీవిని సూచిస్తాయి. మందుల షాపులో ఇంతగా అమ్ముడయ్యే ఈ సూక్ష్మజీవి ఏమిటో, ఎందుకు మింగుతున్నామో చాలామందికి తెలియదు. అడిగితే 'కడుపుకు మంచిదట' అంటారు.

పెరుగులోది వేరు, బిళ్లలోది వేరు

మన ఇంటి పెరుగులో ఉండేవి లాక్టిక్ యాసిడ్ తయారుచేసే బ్యాక్టీరియా. పాలను తోడుపెట్టేది అవే. వాటికి గోరువెచ్చని వాతావరణం ఇష్టం. కాగే పాలలో తోడు వేస్తే పెరుగు తోడుకోదన్న సంగతి ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. 60 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఆ బ్యాక్టీరియాలో చాలా భాగం నిమిషాల్లో చచ్చిపోతుంది. కాబట్టి మజ్జిగ పులుసు కాచాక అందులో రుచి ఉంటుంది, పోషకాలు ఉంటాయి, బతికున్న బ్యాక్టీరియా మాత్రం ఉండదు. ఇడ్లీ పిండిని పులియబెట్టిన సూక్ష్మజీవులు కూడా ఆవిరిలో ఉడికేసరికి పోతాయి. అవి చేయాల్సిన పని అప్పటికే అయిపోయి ఉంటుంది కాబట్టి ఇడ్లీకి వచ్చిన లోటేమీ లేదు.

బాసిల్లస్ కోయాగ్యులన్స్ తీరు వేరు. ఇది కూడా లాక్టిక్ యాసిడ్‌నే తయారుచేస్తుంది. కానీ పరిస్థితులు బాగాలేనప్పుడు తన చుట్టూ గట్టి పొరలు కట్టుకుని నిద్రలోకి జారుకుంటుంది. ఆ స్థితిని స్పోర్ అంటారు. స్కూలు పుస్తకాల్లో సిద్ధబీజం అని చదువుకున్నాం. ఎండబెట్టిన కందిగింజ సంచిలో నెలల తరబడి పడి ఉండి, తడి తగలగానే మొలకెత్తినట్టే ఇదీ. స్పోర్ లోపల నీరు చాలా తక్కువ. బయట ప్రొటీన్ పొరలు ఉంటాయి. లోపలున్న జన్యుపదార్థాన్ని ప్రత్యేకమైన ప్రొటీన్లు, కాల్షియంతో కూడిన ఒక రసాయనం కాపాడుతుంటాయి. అందుకే ఎండ, ఎండిపోవడం, కడుపులోని ఆమ్లం దాన్ని అంత తేలిగ్గా చంపలేవు.

స్పోర్లను వేరుచేయాలంటే ల్యాబ్‌లో నమూనాను 80 డిగ్రీల దగ్గర 10 నిమిషాల పాటు వేడి చేస్తారు. మామూలు బ్యాక్టీరియా చచ్చిపోతుంది, స్పోర్లు మిగులుతాయి. అలాగని వాటికి చావే లేదనుకోకండి. ఆసుపత్రుల్లో పరికరాలను ఆటోక్లేవ్‌లో పెట్టి, 121 డిగ్రీల దగ్గర, పీడనంతో కూడిన ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచేది ఇలాంటి స్పోర్లను కూడా నాశనం చేయడానికే.

గడ్డకట్టిన పాల డబ్బా నుంచి...

ఈ సూక్ష్మజీవి వైద్యంలోకి రాకముందు ఆహార పరిశ్రమకు తలనొప్పిగా ఉండేది. 1915లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డబ్బాల్లో నింపిన చిక్కటి పాలు గడ్డకట్టి పాడైపోతుంటే బి.డబ్ల్యు.హామర్ అనే శాస్త్రవేత్త కారణం వెతికారు. డబ్బాలను వేడి చేసినా బతికి బయటపడిన ఈ బ్యాక్టీరియా దొరికింది. పాలను గడ్డకట్టిస్తుంది కాబట్టి 'కోయాగ్యులన్స్' అన్న పేరు వచ్చింది. డబ్బాల్లో నింపిన టమాటా ఉత్పత్తులు పుల్లబడిపోవడానికి కూడా ఇదొక కారణమని తర్వాత తేలింది.

1930లలో రష్యన్ శాస్త్రవేత్తలు ఇలాంటి జీవినే వేరుచేసి 'లాక్టోబాసిల్లస్ స్పోరోజీన్స్' అని పేరుపెట్టారు. లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా స్పోర్లను తయారుచేయదు కాబట్టి ఆ పేరు శాస్త్రీయంగా నిలబడలేదు. ఈ జీవిని బాసిల్లస్ కోయాగ్యులన్స్‌గానే లెక్కగట్టారు. 2020 తర్వాత జన్యువుల ఆధారంగా వర్గీకరణ మారి 'వైజ్‌మేనియా', ఆ తర్వాత 'హేండ్రిక్సియా' అన్న కొత్త ఇంటిపేర్లు కూడా వచ్చాయి. పాత పేరు మాత్రం మన మందుల పెట్టెల మీద ఇంకా కనిపిస్తూనే ఉంది. వేర్వేరు పేర్లతో రెండు స్ట్రిప్పులు ఇంట్లో ఉన్నాయంటే రెండు వేర్వేరు మందులు ఉన్నాయని అనుకోకండి.

మన దేశంలో దీన్ని ఇంటింటికీ చేర్చిన కథలో తెలుగు నేలకు పెద్ద పాత్రే ఉంది. జపాన్‌కు చెందిన శాంక్యో సంస్థ సహకారంతో హైదరాబాద్‌లో మొదలైన యూని-శాంక్యో కంపెనీ 'స్పోర్లాక్' పేరుతో ఈ బిళ్లలను మార్కెట్లోకి తెచ్చింది. ఆ కంపెనీయే తర్వాత సాన్‌జైమ్ అయింది. ఫ్రిజ్ అంటే కలవారి ఇళ్లలో మాత్రమే ఉండే రోజుల్లో, ఉక్కపోత ఊళ్లలో, కిరాణా కొట్టంత మందుల షాపు అరల్లో కూడా చెడిపోకుండా నిలిచే బ్యాక్టీరియా బిళ్ల రావడం చిన్న విషయం కాదు. వేడిని తట్టుకునే గుణం అక్కడే కలిసొచ్చింది.

కడుపులోకి వెళ్లాక ఏం చేస్తుంది?

బిళ్ల మింగాక స్పోర్లు కడుపులోని ఆమ్లాన్ని దాటుకుని చిన్నపేగులోకి చేరతాయి. అక్కడి తడి, వెచ్చదనం, పోషకాలు తగలగానే మొలకెత్తి మామూలు బ్యాక్టీరియాగా మారతాయి. లాక్టిక్ యాసిడ్ తయారుచేస్తూ చుట్టూ కాస్త ఆమ్లత్వాన్ని పెంచుతాయి. కొన్ని చెడు బ్యాక్టీరియాలకు ఆ వాతావరణం పడదు.

చాలామంది అనుకుంటున్నట్టు ఇవి పేగుల్లో శాశ్వతంగా స్థిరపడవు. ఇవి అతిథులే. బిళ్ల ఆపేస్తే కొద్ది రోజుల్లో మలంతో పాటు బయటికి పోతాయి. 'ఒక నెల వాడితే పేగులు ఎప్పటికీ బాగుపడతాయి' అని ఎవరైనా చెబితే నమ్మకండి.

వేడిని తట్టుకుంటే చాలదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణులు 2001లో ప్రోబయాటిక్‌కు ఒక నిర్వచనం ఇచ్చారు. సారాంశం ఇది: అది బతికున్న సూక్ష్మజీవి అయి ఉండాలి, తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేయాలి. స్పోర్ ఇందులో మొదటి షరతును బాగా నెరవేరుస్తుంది. చివరిదాకా బతికే ఉంటుంది. మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం ఒక్కో జబ్బుకూ, ఒక్కో రకానికీ విడిగా జవాబు వెతకాలి.

పిల్లల నీళ్ల విరేచనాల సంగతి చూడండి. కోల్‌కతా పరిశోధకులు 6 నెలల నుంచి 2 ఏళ్ల లోపు 148 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2011లో ప్రచురితమైంది. కొందరికి ఇదే బ్యాక్టీరియాను, కొందరికి మందు లేని పొడిని ఇచ్చి పోల్చారు. విరేచనాలు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వేరే రకం ప్రోబయాటిక్‌లతో అమెరికాలో 971 మంది, కెనడాలో 886 మంది పిల్లల మీద జరిగిన రెండు పెద్ద అధ్యయనాలు 2018లో వచ్చాయి. వాటిలోనూ ఫలితం అదే.

పొట్ట ఉబ్బరం, నొప్పి, మాటిమాటికీ విరేచనం వచ్చే ఐబీఎస్ సమస్యలో కొంత ఆశ ఉంది. 2016లో భారతీయ రోగుల మీద చేసిన ఒక అధ్యయనంలో ఈ బ్యాక్టీరియాను 90 రోజులు వాడినవారికి లక్షణాలు తగ్గాయి. అయితే అందులో పాల్గొన్నది 36 మందే. పైగా దాన్ని చేసింది ఆ ఉత్పత్తిని తయారుచేసే కంపెనీకి చెందిన పరిశోధకులు. అంతమాత్రాన అది అబద్ధమని కాదు. పెద్ద అధ్యయనాల్లో, సంబంధం లేనివారు చేసినప్పుడు కూడా అదే ఫలితం వస్తే నమ్మకం పెరుగుతుంది.

సరైన రకం, సరైన వ్యక్తులకు, సరైన సమయంలో ఇస్తే ఏం జరుగుతుందో మన పొరుగునున్న ఒడిశా చూపించింది. అక్కడి పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం చేసిన అధ్యయనం 2017లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఒక ప్రత్యేకమైన లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ రకాన్ని, దానికి ఆహారంగా పనికొచ్చే పీచు పదార్థాన్ని కలిపి పుట్టిన తొలి రోజుల్లో వారం పాటు ఇచ్చారు. సెప్సిస్ రావడం లేదా మరణించడం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. ఇది గొప్ప ఫలితం. కానీ ఆ రకం వేరు, షాపులో దొరికే బిళ్ల వేరు. ఆ అధ్యయనాన్ని చూసి పసిపాపకు సొంతంగా ఏ ప్రోబయాటిక్కూ వేయకండి.

విరేచనాలకు మొదటి మందు ఏది?

మధ్యతరగతి ఇళ్లలో మేం తరచూ చూసేది ఇది. పిల్లాడికి తెల్లవారుజాము నుంచి నీళ్ల విరేచనాలు. ఇంట్లోవాళ్లు షాపుకెళ్లి ప్రోబయాటిక్ వయల్, విరేచనాలు ఆగే సిరప్, రంగురంగుల పండ్లరసం డబ్బా తెస్తారు. 'మందు పడుతోంది కదా' అన్న భరోసాతో సాయంత్రం దాకా చూస్తారు. ఈలోగా ఒంట్లోని నీరు, లవణాలు పోతూనే ఉంటాయి. ఆసుపత్రికి వచ్చేసరికి పిల్లాడి కళ్లు లోపలికి పోయి, పిలిస్తే పలకని స్థితి. ఆ రోజంతా చేతికి అందుబాటులో ఉన్న అసలు మందు ఓఆర్‌ఎస్ పొడి.

ప్యాకెట్ మీద ఎంత నీరు కలపమని రాసి ఉంటే అంతే కలపాలి. 20.5 గ్రాముల పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. కొంచెం పొడి, కొంచెం నీళ్లు అంటూ కొలత లేకుండా కలిపితే లవణాల పాళ్లు దెబ్బతింటాయి. కలిపిన ద్రావణాన్ని 24 గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. 2 ఏళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, 2 నుంచి 10 ఏళ్ల వారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు చొప్పున పట్టాలి. పసివాళ్లకు చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా మొదలుపెట్టండి. తల్లిపాలు, మామూలు తిండి ఆపకండి.

దీనికి తోడు జింక్. 2 నుంచి 6 నెలల పిల్లలకు రోజుకు 10 మిల్లీగ్రాములు, 6 నెలలు దాటినవారికి 20 మిల్లీగ్రాములు, 14 రోజుల పాటు. విరేచనాలు తగ్గాయని మధ్యలో మానేయకూడదు. ఓఆర్‌ఎస్, జింక్ రెండూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. ఆశా కార్యకర్తను అడిగినా దొరుకుతాయి.

కొనేటప్పుడు పేరు చూసి మోసపోకండి. చక్కెర ఎక్కువగా ఉన్న తీపి పానీయాలు పేరులో 'ఓఆర్‌ఎస్' పెట్టుకుని ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎన్నో ఏళ్లు పోరాడాక, 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార పానీయాల మీద ఆ పదం వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదివి కొనండి.

పిల్లాడు మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కేస్తున్నా, 6 గంటలుగా మూత్రం పోయకపోయినా, మలంలో రక్తం పడినా ఇంట్లో ఉంచకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదంటే 108కి ఫోన్ చేయండి. ప్రోబయాటిక్ ఇచ్చామా లేదా అన్నది ఆ సమయంలో లెక్కలోకి రాదు.

యాంటీబయాటిక్‌తో పాటు వేసుకోవాలా?

యాంటీబయాటిక్ జబ్బు క్రిములతో పాటు పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. దానివల్ల కొందరికి విరేచనాలవుతాయి. ఇక్కడ ప్రోబయాటిక్‌లకు కొంత ఆధారం ఉంది. పిల్లల మీద జరిగిన 33 అధ్యయనాలను 2019లో కోక్రేన్ సమీక్ష కలిపి చూసింది. ప్రోబయాటిక్ తీసుకున్నవారిలో 8 శాతం మందికి, తీసుకోనివారిలో 19 శాతం మందికి విరేచనాలయ్యాయి. మేలు స్పష్టంగా కనిపించినవి లాక్టోబాసిల్లస్ రామ్‌నోసస్ జీజీ, శాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్. మరోవైపు బ్రిటన్‌లో 65 ఏళ్లు దాటిన 2,941 మంది మీద చేసి, 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఏ మేలూ కనిపించలేదు. అంటే 'ప్రతి యాంటీబయాటిక్‌కూ ఒక ప్రోబయాటిక్' అనే సూత్రం లేదు.

ఒకే బిళ్లలో రెండూ కలిపిన మందుల గురించి ఆలోచించండి. స్పోర్ నిద్రలో ఉన్నంతసేపూ యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. పేగులో మొలకెత్తాక మాత్రం, ఆ మందుకు లొంగే రకమైతే, చచ్చిపోవచ్చు. డాక్టరు ప్రోబయాటిక్ రాస్తే రెండింటికీ మధ్య ఎంత ఎడం ఉండాలో అడగండి. చాలా రకాలకు కనీసం 2 గంటల ఎడం మంచిది.

అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. 'డాక్టర్ గారూ, ఈ యాంటీబయాటిక్ నిజంగా అవసరమా?' మామూలు జలుబుకు, పిల్లల నీళ్ల విరేచనాల్లో ఎక్కువ వాటికి అది అక్కర్లేదు. అక్కర్లేని యాంటీబయాటిక్ మానేస్తే, దానికి తోడుగా వచ్చే బిళ్లతో పనే ఉండదు.

అదే కవచం, చెడ్డ బంధువు

వేడికి చావకపోవడం మంచి బ్యాక్టీరియాకే ఉన్న వరం కాదు. బాసిల్లస్ సీరియస్ అనే దగ్గరి బంధువు ఒకటుంది. దాని స్పోర్లు మట్టిలో, బియ్యంలో సహజంగానే ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నాన్ని గంటల తరబడి వంటగదిలో అలాగే వదిలేస్తే మొలకెత్తి పెరుగుతాయి, విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. ప్రెషర్ కుక్కర్ వేడికి కూడా లొంగదు. తిన్న గంట నుంచి 6 గంటల లోపు వాంతులు మొదలవుతాయి.

విశాఖలాంటి ఊరికి ఇది ముఖ్యమైన విషయం. సముద్రపు తేమ, ఉక్కపోత కలిసి బ్యాక్టీరియా పెరగడానికి అనువైన వాతావరణం ఇస్తాయి. ఉదయం 5 గంటలకు క్యారేజీ కట్టుకుని ఉక్కు కర్మాగారానికో, పోర్టుకో, గాజువాకలోని వర్క్‌షాపుకో వెళ్లి మధ్యాహ్నం తినేవాళ్లు ఎందరో. వాళ్ల కోసం నాలుగు జాగ్రత్తలు:

* వండిన అన్నాన్ని బయట 2 గంటలకు మించి వదలకండి. మిగిలితే వెడల్పాటి పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద గిన్నెలో కుప్పగా ఉంచితే మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది.
* క్యారేజీలో వేడివేడిగా, వేడి నిలిపే డబ్బాలో పెట్టండి. రాత్రి అన్నాన్ని పొద్దున పోపుపెట్టి డబ్బాలో పెట్టడం మానండి.
* పెరుగన్నంలోని పులుపు ఈ క్రిమి పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. అంతమాత్రాన పూర్తి రక్షణ ఉన్నట్టు కాదు.
* చద్దన్నం ఇష్టమైతే అన్నం చల్లారిన వెంటనే శుభ్రమైన నీరు, కాస్త పెరుగు కలిపి మూతపెట్టండి. పొద్దున్నే తినేయండి. జిగటగా తీగ సాగినా, వాసన మారినా పారేయండి. పసిపిల్లలు, గర్భిణులు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు దీనికి దూరంగా ఉండటం మంచిది.

కరెంటు పోతే ఏది పాడవుతుంది?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డాక, చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లు అల్మరాలుగా మారిపోయాయి. అలాంటప్పుడు ఇంట్లో ఏ మందు నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది తెలిసి ఉండాలి.

స్పోర్ రూపంలోని ప్రోబయాటిక్‌కు ఫ్రిజ్ అక్కర్లేదు. పెట్టె మీద రాసిన ఉష్ణోగ్రతకు లోబడి, తడి తగలకుండా ఉంచితే చాలు. వేడి కన్నా తేమ దానికి పెద్ద శత్రువు. స్ట్రిప్పు లోంచి తీసి సీసాలో పోసి వంటగదిలో పెట్టకండి. కారు డ్యాష్‌బోర్డు మీద, స్కూటర్ డిక్కీలో ఏ మందూ ఉంచకండి. కొన్ని లాక్టోబాసిల్లస్, బైఫిడో బ్యాక్టీరియా ఉత్పత్తులకు మాత్రం చల్లదనం తప్పనిసరి. పెట్టె మీద 2 నుంచి 8 డిగ్రీలు అని ఉంటే, షాపులో అది ఫ్రిజ్ లోంచి తీసి ఇచ్చారా, అర మీద నుంచా అన్నది గమనించండి.

ఇన్సులిన్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. తెరవని వయల్స్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కరెంటు లేనప్పుడు నీరు చొరబడని డబ్బాలో పెట్టి, తడి ఇసుకలోనో మట్టికుండలోనో చల్లగా ఉంచవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్ వాడకూడదు. పిల్లలకు వేసే టీకాలన్నీ కోల్డ్ చైన్‌లోనే రావాలి. వాటిలో రోటా వైరస్ టీకా ఒకటి. హైదరాబాద్‌లో తయారైన రోటావాక్‌ను 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో తొలుత ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలను ఆపడంలో ఈ చుక్కల మందుకున్న బలం ఏ ప్రోబయాటిక్‌కూ లేదు. టీకా కార్డులో ఆ గడి ఖాళీగా ఉంటే ఈ వారమే వెళ్లి అడగండి.

ఎవరు వాడకూడదు?

ఆరోగ్యవంతులకు ఈ బిళ్లల వల్ల పెద్దగా హాని ఉండదు. మొదట్లో కాస్త గ్యాస్, ఉబ్బరం ఉండొచ్చు. కానీ ఇవి బతికున్న సూక్ష్మజీవులు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో అరుదుగా రక్తంలోకి చేరి ఇన్‌ఫెక్షన్ కలిగించిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన పాంక్రియాస్ వాపు ఉన్న రోగులకు వేరే రకాల ప్రోబయాటిక్ మిశ్రమం ఇచ్చిన అధ్యయనంలో, అది తీసుకున్నవారిలో 16 శాతం, తీసుకోనివారిలో 6 శాతం మరణించారు. ఆ ఫలితాలు 2008లో వచ్చాయి.

కీమోథెరపీలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడేవారు, ఐసీయూలో ఉన్నవారు, మెడ దగ్గరి పెద్ద సిరలో సెంట్రల్ లైన్ ఉన్నవారు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు డాక్టరు చెప్పకుండా ప్రోబయాటిక్ తీసుకోకూడదు. 'పత్యం లేదు కదా, ప్రమాదం లేదు కదా' అని ఆసుపత్రి మంచం మీదున్న బంధువుకు ఇంటి నుంచి తెచ్చి పట్టకండి.

లేబుల్ మీద చూడాల్సినవి

* పూర్తి పేరు: జాతి పేరుతో పాటు స్ట్రెయిన్ నంబర్ ఉండాలి. అధ్యయనాల్లో మేలు కనిపించేది ఒక స్ట్రెయిన్‌కే. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ములంతా ఒకే ఉద్యోగం చేయరు కదా!
* సంఖ్య: బతికున్న బ్యాక్టీరియా సంఖ్యను సీఎఫ్‌యూల్లో చెబుతారు. మన ఆహార నియమాల ప్రకారం ప్రోబయాటిక్ ఆహారంలో రోజువారీ మోతాదుకు కనీసం 10 కోట్లు ఉండాలి. ఆ సంఖ్య తయారైన రోజుదా, గడువు తేదీ దాకా ఉండేదా అన్నది చూడండి.
* నిల్వ: గది ఉష్ణోగ్రతలోనా, ఫ్రిజ్‌లోనా?
* మాటలు: 'ఇమ్యూనిటీ పెంచుతుంది', 'టాక్సిన్లు తొలగిస్తుంది' అని మాత్రమే ఉండి, ఏ సమస్యకు, ఎన్ని రోజులు వాడాలో లేకపోతే ఆ పెట్టెను అక్కడే ఉంచేయండి.

ఐబీఎస్ లాంటి సమస్యకు డాక్టరు సలహాతో వాడుతుంటే నాలుగు వారాలు చూడండి. తేడా కనిపించకపోతే ఆపేసి ఆ మాటే డాక్టరుకు చెప్పండి. నెలల తరబడి అలవాటుగా మింగాల్సిన పని లేదు. విరేచనాల్లో రక్తం, తెలియకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే కడుపునొప్పి, 45 ఏళ్లు దాటాక కొత్తగా మలవిసర్జన తీరు మారడం ఉంటే మాత్రం బిళ్లలతో కాలం గడపకుండా పరీక్షలు చేయించుకోండి.

ఇక ఇంట్లో తోడుపెట్టిన పెరుగు సంగతి. అందులో ఏ స్ట్రెయిన్ ఎంత ఉందో చెప్పలేం కాబట్టి దాన్ని మందు అనలేం. కానీ ప్రొటీన్, కాల్షియం, బతికున్న బ్యాక్టీరియా ఉన్న చక్కటి ఆహారం అది. పొగలు కక్కే అన్నంలో కాకుండా అన్నం కాస్త చల్లారాక కలుపుకుంటే ఆ బ్యాక్టీరియా బతికే ఉంటుంది. పక్కన ఆకుకూర, పప్పు, చోడి అంబలి, ఒక పండు ఉంటే పేగుల్లో ఇప్పటికే కాపురమున్న కోటానుకోట్ల మంచి బ్యాక్టీరియాకు కావలసిన పీచు అందుతుంది.

ఇంట్లోని మందుల పెట్టె ఈరోజు ఒకసారి తెరిచి చూడండి. రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, గడువు దాటని జింక్ బిళ్లలు ఉన్నాయా? లేకపోతే ముందు అవి తెచ్చిపెట్టండి. ప్రోబయాటిక్ సంగతి తర్వాత డాక్టరును అడగొచ్చు.